ఒకే జన్యుమార్పు, వేర్వేరు వైద్యం

ప్రశ్న: మా బావగారి పెద్దపేగు క్యాన్సర్ కణితిలో బీరాఫ్ జన్యువు మారిందని పరీక్షలో తేలింది. ఇదే మార్పున్న చర్మ క్యాన్సర్‌కు ఒక్క మాత్రే పనిచేసిందని చదివాను. ఈయనకు మాత్రం రెండు మందులు ఎందుకు?

జవాబు: మీ సందేహం సమంజసమైనదే, పరిశోధకులనూ ఇదే ప్రశ్న వేధించింది. కణం పైపొర నుంచి కేంద్రకానికి ‘విభజన చెందు’ అనే సంకేతాన్ని అందించే ప్రోటీన్ల గొలుసులో, ఈ జన్యువు తయారుచేయించే బీరాఫ్ ప్రోటీన్ ఒక లంకె. అందులో 600వ స్థానంలోని వాలీన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌ను కూర్చే ఒక ఇటుక) బదులు గ్లుటామిక్ ఆమ్లం చేరితే, పైనుంచి ఆజ్ఞ లేకపోయినా అది సంకేతం పంపుతూనే ఉంటుంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో దాన్ని అడ్డుకునే వెమురాఫెనిబ్‌కు అమెరికాలో 2011లో అనుమతి లభించింది. పెద్దపేగు క్యాన్సర్‌లో అదే మందు దాదాపు విఫలమైంది.

కారణాన్ని 2012లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు వివరించారు. బీరాఫ్‌ను ఆపగానే, పేగు కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం (కణం పైపొరపై సంకేతాలను అందుకునే ప్రోటీన్) చురుకెక్కి, సంకేతాన్ని మరో దారిన నడిపిస్తుంది. మెలనోమా కణాల్లో ఆ గ్రాహకం సాధారణంగా చాలా తక్కువ. అందుకే బీరాఫ్‌ను అడ్డుకునే ఎన్కోరాఫెనిబ్‌తోపాటు ఈజీఎఫ్ఆర్‌ను మూసే సెటుక్సిమాబ్‌ను కలిపి ఇచ్చే చికిత్సకు 2020లో అమెరికాలో ఆమోదం లభించింది. ఏ జన్యువు మారిందన్నదే కాదు, అది ఏ కణంలో, ఏ సంకేత మార్గాల నడుమ ఉందన్నదీ వైద్యులు చూస్తున్నారు. బావగారికి రెండో మందు ఇస్తున్నది ఆ పక్కదారిని మూయడానికే కావచ్చు. ఆయన నివేదిక చూపి వైద్యుణ్ణి తప్పక అడగండి.