సన్న దోమలు ఎవరి రక్తం తాగుతున్నాయో తెలుసుకునేదెలా?

ప్రశ్న: 60 గొర్రెలు, 4 బర్రెలు ఉన్నాయి. దొడ్డి పక్కనే బర్రెల కొట్టం. పొద్దుగూకే వేళ సన్న దోమలు బర్రెల మీదే ముసురుతున్నాయి, గొర్రెల మీద కనబడవు. అయినా పోయినేడు మందలో మూతివాపు వచ్చింది. ఇవి దేని రక్తం తాగుతున్నట్టు?
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మీరు చూస్తున్నవి మూతివాపును, అంటే నీలి నాలుక వ్యాధిని మోసే క్యూలికాయిడ్స్ దోమలు కావచ్చు. పొడవు 1 నుంచి 3 మిల్లీమీటర్లే. గొర్రె ఒంటి మీద ఉన్ని వాటిని దాచేస్తుంది. ఉన్ని లేని మూతి, చెవులు, పొదుగు, తొడల లోపలివైపు టార్చి వేసి చూడండి. అయినా కంటిచూపుతో తేలేది కొంతే. అసలు జవాబు దోమ కడుపులో ఉంటుంది.

చిన్న ఫ్యానున్న అల్ట్రావయొలెట్ లైటు ట్రాపులు కొట్టం దగ్గర ఒకటి, దొడ్డి దగ్గర ఒకటి, వంద మీటర్ల దూరంలో ఇంకొకటి సాయంత్రం నుంచి తెల్లారేదాకా పెట్టాలి. కొట్టంలో ఒక్కటే పెడితే బర్రె రక్తం తాగినవే ఎక్కువ పడి లెక్క తప్పుతుంది. పడ్డవాటిలో పొట్ట ఎర్రగా ఉబ్బిన ఆడవాటినే ఏరాలి. పొట్ట నల్లబడితే రక్తం అరిగిపోతున్నట్టే. రెండు మూడు రోజుల్లో దాని ఆనవాలే మిగలదు. చేత్తో ముట్టకుండా పట్టకారుతో ఒక్కో దోమను ఒక్కో గొట్టంలో, ఆల్కహాల్‌లో వేయాలి. ఫార్మలిన్ వద్దు, అది డీఎన్‌ఏను పాడుచేస్తుంది. ల్యాబులో ఒక్కో జంతువుకు ఒక్కో తీరుగా ఉండే సైటోక్రోమ్-బి అనే జన్యువును పీసీఆర్‌తో, అంటే డీఎన్‌ఏకు ఎన్నో నకళ్లు తీసే పద్ధతితో పెంచి, రక్తం గొర్రెదా, మేకదా, బర్రెదా, మనిషిదా చెబుతారు. ఒక్క దోమలోనే రెండు జంతువుల రక్తమూ దొరకొచ్చు.

ఫలితాన్ని పశువుల సంఖ్యతో కలిపి చూడాలి. మీ దగ్గర బర్రెకు 15 గొర్రెలు. అలాంటిచోట సగం దోమల్లో బర్రె రక్తం తేలినా వాటికి బర్రెల మీదే మక్కువ అని అర్థం. దాంతో గొర్రెలు బయటపడ్డాయనుకోకండి. బర్రెలు, ఆవులు జబ్బు లక్షణాలేమీ చూపకుండానే వైరస్‌ను వారాల తరబడి రక్తంలో ఉంచుకుంటాయి. దోమ ప్రతి విడత గుడ్లకూ మళ్లీ రక్తం తాగాలి. వారం, పది రోజుల్లో దానిలో వైరస్ పెరుగుతుంది, ఆ తర్వాత అది కుట్టిన గొర్రెకు అంటుతుంది.

పరీక్ష కోసం ఆగకుండా కొట్టాన్ని దొడ్డికి దూరం జరపండి. కుడితి, మూత్రం, పేడ కలిసిన బురదలో ఈ దోమల పిల్ల పురుగులు పెరుగుతాయి. వారానికోసారి ఎత్తివేసి నేల ఆరనివ్వండి. మామూలు దోమతెర వీటిని ఆపదు, కన్నాల్లోంచి దూరిపోతాయి. వానలు పడకముందే పశువైద్యుణ్ణి అడిగి గొర్రెలన్నిటికీ నీలి నాలుక టీకా వేయించండి.