వరద, కరువు, మిడతలు, సైన్యం: ఫూగౌలో ఒక నాయనమ్మ చెప్పిన సంగతులు

అడిగిన ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చైనా పల్లెల మీదకి యుద్ధం, వరద, కరువు, అంటువ్యాధులు అన్నీ ఒకేసారి ఎలా వచ్చిపడ్డాయి? అంత దురదృష్టమా?

దురదృష్టం అనే మాట నేను ఒప్పుకోను. నేను చైనాలోని జెంగ్‌జౌ నగరంలో ఎంబీబీఎస్ చదివాను. 2012లో సెలవులకి నా క్లాస్‌మేట్ వాళ్ల నాయనమ్మ ఊరు వెళ్లాను. అది హెనాన్ రాష్ట్రంలోని ఫూగౌ కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన మండలం కన్నా పెద్దది, జిల్లా కన్నా చిన్నది. ఆవిడకి అప్పటికే ఎనభై దాటాయి. ఆవిడ చెబుతుంటే నా స్నేహితురాలు నాకు అర్థమయ్యేలా చెప్పేది.

1938 జూన్‌లో జపాన్ సైన్యం కైఫెంగ్‌ని పట్టుకుని జెంగ్‌జౌ వైపు వస్తోంది. దాన్ని ఆపడానికి అప్పటి చైనా పాలకుడు చాంగ్ కై షేక్ ప్రభుత్వం హ్వాయువాన్‌కౌ అనే చోట హొయాంగ్‌హో నది కరకట్టకి తన సైనికుల చేతే గండి కొట్టించింది. గోధుమ కోతల రోజులవి. దిగువ ఊళ్లకి చాటింపు కూడా లేదు. పైగా జపాన్ బాంబుల వల్లే కట్ట తెగిందని ప్రచారం చేశారు. హెనాన్, అన్‌హుయి, జియాంగ్సు రాష్ట్రాల్లో చనిపోయినవాళ్లు 5 లక్షల నుంచి 9 లక్షల దాకా ఉంటారని అంచనా.

మాది గోదావరి లంక ఊరు. వరద తీశాక పొలంలో ఇసుక మేట వేస్తే మా నాన్న మొహం ఎలా ఉండేదో నాకు తెలుసు. మాకు ఏరు రోజుల్లో తీసేది. వాళ్లకి అది దాదాపు తొమ్మిదేళ్లు పొలాల మీదే పారింది. 1947 మార్చిలో గానీ గండి పూడ్చలేదు. కొన్నిచోట్ల బురద ఇంటి చూరు దాకా పేరుకుంది.

ఆ కొత్త ఏరే యుద్ధరేఖ అయింది. ఈ గట్టున ప్రభుత్వ సైన్యం, ఆ గట్టున జపాన్ వాళ్లు. నీళ్లు అవతలి వైపు పోవాలని ఇరువైపులా కట్టలు పోశారు. మట్టి మోసింది మాత్రం ఊళ్లవాళ్లే. 1942లో వానలు మొహం చాటేశాయి, అయినా సైన్యానికి ధాన్యం పన్ను ఆగలేదు. వరద ఎండిన మేటల్లో పెరిగిన మిడతలు 1943లో మిగిలిన పైరు మీద పడ్డాయి. హెనాన్ మొత్తం మీద ఆ కరువులో పోయినవాళ్లు 20 నుంచి 30 లక్షలంటారు. చెట్ల బెరడు ఎండబెట్టి దంచి పిండి చేసుకున్నామని ఆవిడ చేతులతో దంచి చూపించింది. అప్పట్లో జనం హెనాన్‌కి నాలుగు పీడలని చెప్పుకునేవారు: 'శుయి, హాన్, హ్వాంగ్, థాంగ్'. మొదటి మూడూ నీళ్లు, ఎండ, మిడతలు. నాలుగోది అక్కడి సేనాని థాంగ్ ఎన్‌బో పేరు. 1944లో జపాన్ దాడికి ఆయన సైన్యం వెనక్కి పారిపోతుంటే, రైతులే ఆ సైనికుల తుపాకులు లాక్కున్నారు.

ఇక రోగాలు. నేను చదివిన చదువు వల్ల ఈ భాగం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. బావులు మునిగి తాగునీరు పాడైతే కలరా. నిలవ నీళ్లలో దోమలు పెరిగితే మలేరియా. తిండి లేని ఒంటిని కాలా అజార్, అంటే ప్లీహాన్ని ఉబ్బించే జ్వరం, కూడా తొందరగా పట్టుకుంటుంది. కడుపు ఉబ్బి, ఒళ్లు ఎండిపోయిన పిల్లల గురించి ఆవిడ చెబుతుంటే నా పాఠ్యపుస్తకంలోని ప్లీహం బొమ్మ కళ్లముందు కదిలింది. ఆవిడ చెప్పిన వరసలో వానలు మొహం చాటేయడం తప్ప ఏదీ విడిగా రాలేదు. ఒకదాని కడుపులోంచి ఇంకొకటి పుట్టింది, మొదటిది మనుషులు కొట్టిన గండి.

వాళ్ల కుటుంబం పడమరకి, షాన్‌షీ కొండల వైపు నడిచింది. దారిలో తమ్ముడు చలిజ్వరంతో పోయాడు. ఎక్కడ పూడ్చారని నేను అడగలేదు. ఆవిడే కిటికీలోంచి పడమర వైపు చెయ్యి చూపించి, "రోడ్డు పక్కన, ఒక చింకి చాప" అంది. తర్వాత నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసి, తినేదాకా పక్కనే కూర్చుంది.