ఒత్తిడి ‘వల్ల’ ఆటిజమా?

సందేహం: ‘తల్లి ఒత్తిడి వల్ల బిడ్డకు ఆటిజం’ అనే శీర్షిక చూశాను. లోపల చదివితే, సంబంధం ఉండవచ్చని మాత్రమే ఉంది. ఇక్కడ ‘వల్ల’ వాడవచ్చా?

సమాధానం: వ్యాకరణానికి ఇబ్బంది లేదు, అర్థానికే వచ్చింది. ‘వలనన్, కంటెన్, పట్టి’ పంచమి అని బడిలో వల్లించాం కదా, ఆ ‘వలన’కు వాడుక రూపమే ‘వల్ల’. అది హేతువును చెబుతుంది. ‘వాన వల్ల ఆట ఆగింది’ అంటే వాన పడకపోతే ఆట సాగేదనే. అదే ‘వల్ల’ను ఒత్తిడి పక్కన పెడితే, తల్లి నిశ్చింతగా ఉండి ఉంటే బిడ్డకు ఆటిజం వచ్చేదే కాదని తేల్చేసినట్టు.

పరిశోధన అంత దూరం వెళ్లలేదు. అమెరికాలోని లూసియానాలో తుపానుల సమయంలో గర్భంతో ఉన్నవారి పిల్లలపై 2008లో వెలువడిన అధ్యయనంలో సంబంధం కనిపించింది. మరుసటి ఏడాది డెన్మార్క్‌లో సుమారు 15 లక్షల మంది పిల్లల వివరాలు చూసినవారికి, గర్భంతో ఉండగా ఆప్తులను పోగొట్టుకున్న తల్లుల విషయంలో అలాంటిదేమీ కనిపించలేదు.

ఇలాంటి చోట ‘ఒత్తిడికీ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చు’ అనాలి. రెండు పక్కలా ‘కీ’ పడింది చూడండి. ‘ఆటిజానికీ ఒత్తిడికీ’ అని తిరగేసినా అర్థం చెక్కుచెదరదు; ఏది కారణమో, ఏది ఫలితమో ఆ వాక్యం చెప్పదు. ‘వల్ల’ను అలా తిరగేసి చూడండి, కథ తలకిందులవుతుంది.

నన్ను అంతకంటే ఇబ్బంది పెట్టింది ‘తల్లి ఒత్తిడి’. ‘పెళ్లికి తల్లి ఒత్తిడి’ అన్నప్పుడు ఒత్తిడి చేసేది తల్లి. ఇక్కడేమో పడేది తల్లి! ‘గర్భిణి పడే మానసిక ఒత్తిడి’ అంటే చిక్కు తీరుతుంది. (‘గర్భిణీ స్త్రీ’ అనక్కర్లేదు, గర్భిణి అంటేనే స్త్రీ.) ‘ఆటిజం వచ్చే అవకాశం’ కూడా నాకు రుచించదు, అవకాశం అంటే ఏదో మేలు చేతికందినట్టు ఉంటుంది. ‘ఆస్కారం’ నయం.

ఇదంతా చాదస్తం కాదు. 1943లో ఆటిజాన్ని వర్ణించిన పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్, తర్వాత తల్లిదండ్రుల ముభావాన్ని ప్రస్తావించాడు. ఆ దారిలోనే, అమ్మ ప్రేమ చూపకపోవడమే ఆటిజానికి కారణమంటూ ‘రిఫ్రిజిరేటర్ తల్లులు’ అనే మాట ప్రచారంలోకి వచ్చి, ఎందరో అమ్మలను దోషులుగా నిలబెట్టింది. ఆ వాదం వీగిపోవడానికి ఏళ్లు పట్టింది.

శీర్షికలో చోటు చాలదంటారా? ‘గర్భిణిలో ఒత్తిడికీ ఆటిజానికీ లంకె?’ అనండి. ‘వల్ల’ కంటే రెండు మూడు అక్షరాలు ఎక్కువ, అంతే.