స్కఫుల్ అంటే తోపులాట, ఘర్షణ కాదు

అపార్ట్‌మెంట్ పార్కింగ్ దగ్గర జరిగిన గొడవ గురించి అసోసియేషన్‌కు ఇంగ్లీషులో మెయిల్ రాయాలి, 'స్కఫుల్' అనొచ్చా, అసలు ఆ మాటకు అర్థం ఏమిటి అని అడిగారు. ఒకరి మీద ఒకరు చేయి వేశారా లేదా? ముందు అది తేల్చుకోండి. వేసి ఉంటే అనొచ్చు. కేకలతోనే ఆగిపోతే అనకూడదు.

నేను పదకొండేళ్లు పత్రికలో డెస్క్ పని చేశాను. ఏజెన్సీల నుంచి వచ్చే ఇంగ్లీషు వార్తల్ని తెలుగు చేయడమే రోజూ పని. చేరిన మొదటి ఏడాది ఒక రాత్రి, ఓ కాలేజీ గేటు దగ్గర విద్యార్థులకూ సెక్యూరిటీ వాళ్లకూ మధ్య స్కఫుల్ జరిగిందని నాలుగు వాక్యాల వార్త వచ్చింది. ఎడిషన్ టైమ్ దగ్గర పడింది, టెన్షన్‌లో ఉన్నాను. డిక్షనరీ తెరవకుండానే 'కాలేజీ వద్ద ఘర్షణ' అని హెడ్డింగ్ పెట్టి పేజీకి వదిలేశాను.

మర్నాడు డ్యూటీకి వెళ్లేసరికి ఫోన్ మోగుతోంది. ఒక తల్లి. కొడుకు ఆ కాలేజీ హాస్టల్లోనే ఉంటాడట, పొద్దుట్నుంచి ఫోన్ ఎత్తడం లేదట. "ఎంతమందికి తలలు పగిలాయి బాబూ?" అని అడిగింది. గొంతు వణుకుతోంది. రిపోర్టర్‌ని కనుక్కుంటే జరిగింది ఇంతే: ఆలస్యంగా వచ్చారని గేటు వేశారు, పిల్లలు తోశారు, గార్డులు కాలర్లు పట్టుకున్నారు. ఒకబ్బాయి చొక్కా గుండీలు ఊడిపోయాయి, ఇంకొకరి చెప్పు గేటు అవతల పడింది. పది నిమిషాల్లో అందరూ లోపలికి వెళ్లిపోయారు. ఆవిడకు ఈ సంగతి చెప్పి క్షమించమన్నాను. ఆ తర్వాత ఈ మాట ఎక్కడ కనబడినా ఆగి, ఆలోచించే రాశాను.

ఆ గేటు దగ్గర జరిగిందే స్కఫుల్. మీద మీద పడి తోసుకోవడం, లాక్కోవడం, చొక్కా పట్టుకోవడం. ముందుగా అనుకుని చేసేది కాదు, అప్పటికప్పుడు రేగి కాసేపట్లో సద్దుమణుగుతుంది. కర్రలూ కత్తులూ ఉండవు. స్వీడిష్‌లో 'స్కుఫ్ఫా' అంటే తోయడం. ఇంగ్లీషు మాట ఆ స్కాండినేవియా వైపు నుంచే వచ్చి ఉంటుందని నిఘంటువులు చెబుతాయి. మన 'తోపులాట' కూడా తోయడంలోంచి పుట్టిందే కదా! ఇంతకంటే సరిగ్గా కుదిరే మాట ఇంకొకటి లేదు. ఇద్దరే అయితే 'పెనుగులాట' అనొచ్చు. తెలంగాణలో 'లొల్లి' అంటాం కానీ, అది నోటి గొడవకీ చేతి గొడవకీ రెండింటికీ చెల్లుతుంది, అందుకే అనువాదానికి అంత పనికిరాదు.

2024 డిసెంబర్ 19న పార్లమెంటు మకర ద్వారం దగ్గర అధికార, ప్రతిపక్ష ఎంపీల మధ్య జరిగినదాన్ని ఇంగ్లీషు పత్రికలు స్కఫుల్ అన్నాయి, తెలుగు పత్రికలు తోపులాట అన్నాయి. ఇద్దరు ఎంపీలు ఆసుపత్రిలో చేరారు కూడా. అంటే స్కఫుల్‌లో దెబ్బలు తగలవని కాదు.

సరిహద్దు వార్తల్లో దీని పక్కనే 'స్కిర్మిష్' వస్తుంది, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. స్కిర్మిష్ సైన్యం మాట. పెద్ద యుద్ధం కాకుండా చిన్న దళాల మధ్య జరిగే పోరు అది. అలాగని సైనికులు తలపడిన ప్రతిసారీ స్కిర్మిష్ కాదు. 2022 డిసెంబర్ 9న తవాంగ్ ప్రాంతంలోని యాంగ్త్సే దగ్గర మన సైనికులూ చైనా సైనికులూ తలపడినప్పుడు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ పార్లమెంటులో 'ఫిజికల్ స్కఫుల్' అన్నారు. మనవాళ్లలో ఎవరూ చనిపోలేదు, ఎవరికీ పెద్ద గాయాలు కాలేదు. 2020 జూన్ 15న గల్వాన్‌లోనూ తుపాకీ పేలలేదు, కానీ మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది సైనికులు అమరులయ్యారు. దాన్ని స్కఫుల్ అంటే నాకు కోపం వస్తుంది. తుపాకీ పేలనంత మాత్రాన ఆ మాట సరిపోదు. జరిగిన నష్టం కూడా చూడాలి.

మాటలతో పోయేవి వేరు. 'టిఫ్' అంటే మొగుడూ పెళ్లాల అలక లాంటిది, పొద్దున వచ్చి సాయంత్రానికి పోతుంది. 'స్క్వాబుల్' అంటే చిన్న విషయానికి కీచులాట, పిల్లల గిల్లికజ్జాలు. 'ఎఫ్రే' జోలికి మాత్రం పోకండి, అది నేరం పేరు. బహిరంగ స్థలంలో ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది కొట్టుకుని శాంతికి భంగం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 194వ సెక్షన్ కింద నెల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇక మీ మెయిల్. వాళ్లు అరుచుకోవడం వరకే అయితే 'ఆర్గ్యుమెంట్' అని రాయండి. తోసుకుని ఉంటే 'ఎ స్కఫుల్ బ్రోక్ అవుట్' అనండి, అదే అందరూ వాడే పద్ధతి. ఒకరు హెల్మెట్‌తో కొట్టి రెండోవారికి రక్తం వచ్చి ఉంటే 'అసాల్ట్' అనే రాయండి. దాన్ని స్కఫుల్ అంటే దెబ్బ తిన్న మనిషికి అన్యాయం చేసినట్టే. ఇంకొక్క మాట: ఎవరు ముందు తోశారో మీరు కళ్లారా చూడకపోతే ఇద్దరి పేర్లకు ముందు 'బిట్వీన్' పెట్టండి. ఫలానా ఆయన ఇంకొకాయనతో 'స్కఫుల్డ్ విత్' అని రాస్తే, ఆ ముందు పేరున్నాయనే గొడవకు దిగాడని అసోసియేషన్ వాళ్లు అనుకునే ప్రమాదం ఉంది.