కూరగాయల మడత డబ్బా: మూలల చిరుగులు, ఎత్తు మార్చే పద్ధతి

అన్నా, మీ కూరగాయల మడత డబ్బా మూలల్లో ఎందుకు చిరుగుతోంది, దాని ఎత్తు మార్చుకునేలా ఎలా చేయాలి అని అడిగారు కదా. 5 మి.మీ. సన్‌ప్యాక్ షీట్ (లోపల వరుసగా గొట్టాలుండే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ షీట్) మంచి ఎంపికే. మడత దగ్గర పైపొరను బ్లేడుతో కోయడమే తప్పు. మిగిలిన ఒక్క పొరే బరువంతా మోస్తూ చిరుగుతోంది. కోయకండి. షీట్ గొట్టాలు నిలువుగా ఉండాలి. మడత గీతను హాట్ ఎయిర్ గన్‌తో మెత్తబడేదాకా వేడిచేసి, మొద్దు చక్రంతో రెండు గొట్టాలు నలిపి, చల్లారకముందే అటూ ఇటూ పూర్తిగా మడవండి. 160 డిగ్రీల దగ్గర పాలీప్రొపిలీన్ కరుగుతుంది, గన్ ఒకేచోట ఆపొద్దు.

ఎత్తు మార్చడానికి గోడకు అడ్డ మడతలు వద్దు, డబ్బాలు ఒకదానిపై ఒకటి పేర్చితే గోడ అక్కడే కూలుతుంది. లోపల ఇంకో చట్రం జారించండి: బయటి డబ్బా లోకొలత 400×300 అయితే చట్రం బయటికొలత 396×296 మి.మీ. రెండూ 200 మి.మీ. ఎత్తు. ఎత్తులో 50 మి.మీ.కొక రంధ్రం చేసి, కావలసిన ఎత్తు దగ్గర వాషర్‌తో ప్లాస్టిక్ రివెట్ పెట్టండి. ఒక్కో మెట్టుకు దాదాపు 5.5 లీటర్లు పెరుగుతుంది. చట్రం కనీసం 100 మి.మీ. డబ్బా లోపలే ఉండాలి, లేకపోతే ఊగుతుంది.

పొడవు గోడలు ఉబ్బకుండా చట్రం పై అంచుకు అల్యూమినియం యు చానెల్ (U ఆకారపు పట్టీ) తొడగండి, మూలకు 10 మి.మీ. ముందే ఆపాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌ దుకాణాల్లో అడిగి చూడండి. మేడ మీద ఎండలో ఉంచేట్లయితే యూవీ రక్షణ ఉన్న షీటే తీసుకోండి, మామూలుది పెళుసెక్కుతుంది.