బాలింతకు కొవిడ్ వస్తే బిడ్డను వేరుగా ఉంచాలా?

ప్రశ్న: మా అమ్మాయికి తిరుపతిలో సిజేరియన్ కాన్పు అయింది. నాలుగో రోజున జ్వరం, గొంతునొప్పి వచ్చి, పరీక్ష చేయిస్తే కొవిడ్ పాజిటివ్ అన్నారు. బిడ్డకు నేటికి ఎనిమిది రోజులు. పాలు బాగానే తాగుతున్నాడు కానీ తుమ్ముతున్నాడు, నిద్రలో ముక్కు గురగురమంటోంది. కడుపులో ఉన్నప్పుడే సోకిందేమోనని భయంగా ఉంది. తల్లిపాలు ఆపి డబ్బాపాలు పట్టమనీ, బిడ్డను వేరే గదిలో ఉంచమనీ పెద్దవాళ్లు అంటున్నారు. పదకొండో రోజు పురిటిస్నానానికి చిత్తూరు నుంచి బంధువులు వస్తున్నారు. ఏం చేయమంటారు? - ఒక అమ్మమ్మ, చంద్రగిరి

జవాబు: అమ్మా, కడుపులో ఉండగా తల్లి నుంచి బిడ్డకు ఈ వైరస్ సోకడం చాలా అరుదు. పైగా మీ అమ్మాయికి లక్షణాలు కనిపించిందే కాన్పైన నాలుగో రోజున. కాబట్టి, ఒకవేళ బిడ్డకు సోకి ఉంటే, అది పుట్టిన తరువాత దగ్గరున్నవారి దగ్గు, తుమ్ము, ఊపిరి ద్వారా సోకి ఉండాలి. ఆ దగ్గరున్నవారు తల్లే కానక్కరలేదు. ఎత్తుకుని ముద్దాడినవారిలో జలుబుతో ఉన్న ఎవరైనా కావచ్చు. సోకినా ఎక్కువమంది శిశువుల్లో ఇది స్వల్పంగానే ఉండి తగ్గిపోతుంది. నెలలు నిండకుండా పుట్టినవారిలో, గుండె జబ్బు వంటివి ఉన్నవారిలో మాత్రం ఇబ్బంది ఎక్కువ.

పాలు ఆపవద్దు. 2020లో ఈ జబ్బు కొత్తగా వచ్చినప్పుడు కొన్ని దేశాల వైద్య సంఘాలు తల్లీబిడ్డలను వేరు చేయమన్న మాట నిజమే కానీ, కొద్ది నెలల్లోనే ఆ సలహాను మార్చుకున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం తల్లి పాలివ్వాలని, బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. పాల ద్వారా ఈ జబ్బు వస్తుందనడానికి ఆధారం లేదు. పైగా జబ్బును ఎదుర్కొనే యాంటీబాడీలు ఆ పాలలోనే బిడ్డకు అందుతాయి. డబ్బాపాలకు మారితే ఈ రక్షణ పోవడమే కాక, నీళ్లు, సీసాలు సరిగా మరిగించకపోతే విరేచనాల బెడద కొత్తగా వచ్చిపడుతుంది. మీ అమ్మాయి జ్వరం మొదలైన రోజు నుంచి పది రోజుల పాటు ముక్కూ నోరూ మూసేలా మాస్కు కట్టుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని పాలివ్వాలి. పాలు తాగాక బిడ్డను అదే గదిలో, కిటికీలు తెరిచి, తల్లి మంచానికి కాస్త దూరంగా పడుకోబెట్టండి. లేవలేనంత నీరసంగా ఉన్న పూట, పిండిన పాలను మరిగించిన ఉగ్గుగిన్నెతో ఆరోగ్యంగా ఉన్న మరొకరు పట్టవచ్చు. బిడ్డకు మాత్రం మాస్కు వేయకూడదు, ఊపిరాడదు.

తుమ్ముల గురించి బెంగ వద్దు. నవజాత శిశువులు ముక్కు శుభ్రం చేసుకునే తీరే అది. వారి ముక్కు రంధ్రాలు సన్నగా ఉంటాయి కనుక గురగుర శబ్దం కూడా మామూలే. పాలు తాగడానికి అడ్డమైతే, డాక్టరును అడిగి సెలైన్ చుక్కలు వేయండి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీరు చివర్లో రాసిన పురిటిస్నానం. పదకొండో రోజుకు మీ అమ్మాయికి జ్వరం మొదలై వారమే అవుతుంది. బంధువులను పిలిచే వేడుకను ఇరవై ఒకటో రోజుకు మార్చుకోండి. మన ప్రాంతంలో బిడ్డకు నీళ్లు పోశాక ముక్కులో, చెవుల్లో నోటితో ఊదే అలవాటు ఇంకా ఉంది; ఎంత ప్రేమతో చేసినా, ఊదినవారి నోటిలోని క్రిములను నేరుగా బిడ్డ ఊపిరితిత్తుల దారిలోకి పంపడమే అది. సాంబ్రాణి పొగ కూడా వద్దు.

ఇక ఆలస్యం చేయకూడని లక్షణాలు. బిడ్డ పాలు తాగడం తగ్గించినా, లేపినా లేవక మందకొడిగా ఉన్నా, నిద్రలో ఉండగా నిమిషం పాటు లెక్కిస్తే శ్వాస 60 లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పెదవులు నీలం రంగుకు మారినా, రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోయకపోయినా వెంటనే చూపించాలి. చంకలో థర్మామీటరు పెట్టినప్పుడు 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, లేదా వెచ్చగా చుట్టినా 97.7కు పెరగకపోయినా అంతే. పెద్దపిల్లలకైతే ఒక రోజు చూద్దాం అంటాను. నెలలోపు బిడ్డ విషయంలో ఆ మాట అనను, ఎందుకంటే అది కొవిడ్ కాక రక్తంలో ఇన్‌ఫెక్షన్ కూడా కావచ్చు, అది గంటల్లో ముదురుతుంది. ఇంట్లో ఉన్న జ్వరం సిరప్ పోయవద్దు.

తల్లిని కూడా మరవకండి. సిజేరియన్ తరువాత వచ్చే జ్వరం కుట్లలో చీము వల్లనో, రొమ్ములో పాలు గడ్డకట్టడం వల్లనో కూడా రావచ్చు కనుక వాటిని కూడా చూపించండి. బాలింతల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సహజంగానే ఎక్కువ, కొవిడ్ దాన్ని ఇంకా పెంచుతుంది. ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా ఆగవద్దు.

బిడ్డకు పరీక్ష అవసరమో లేదో పిల్లల డాక్టరు నిర్ణయిస్తారు. పై లక్షణాల్లో ఏది కనిపించినా 108కు ఫోన్ చేసి, తల్లికి పాజిటివ్ వచ్చిందని ముందే చెప్పి, నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిరుపతిలోని రుయా మీకు దగ్గరే. వెళ్లేటప్పుడు బిడ్డను ఒక్కణ్నే తీసుకెళ్లకుండా, మాస్కు కట్టి తల్లిని కూడా వెంట తీసుకెళ్లండి. అక్కడ కూడా వాడికి ఆమె పాలే కావాలి.