చిన్నదాన్ని ఆ సినిమాకి తీసుకెళ్ళాలా, వద్దా?

చి.ల.సౌ. సునీతకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. తొమ్మిదేళ్ళ పెద్దాడు ఆ డ్రాగన్ల సినిమాకి వెళ్ళాల్సిందేనని పట్టుబట్టాడు, ఇంకా అయిదు నిండని చిన్నది అన్నయ్య వెళ్తే నేనూ వస్తానని కూర్చుంది, ట్రైలర్ అందంగానే ఉంది కానీ మధ్యలో ఎవరో మంత్రగత్తె కనబడింది, ఏం చేయను అని అడిగావు. ఆ సినిమా నేను చూడలేదు. ఇక్కడ కూర్చుని సరేననో వద్దనో తీర్పు చెప్పను. ఎలా తేల్చుకోవాలో మాత్రం చెప్పగలను. ఉద్యోగమంతా నర్సరీ పిల్లలతోనే గడిపాను కదా, ఆదివారం ఎవరు ఏ సినిమా చూసొచ్చారో సోమవారం వాళ్ళ ఆటల్లోనే తెలిసిపోయేది.

సెన్సార్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ చూడు, కానీ అక్కడే ఆగిపోకు. మన దేశంలో 2023లో చట్టం సవరించి యూఏ సర్టిఫికెట్‌ని 7+, 13+, 16+ అని మూడు రకాలు చేశారు. యూఏ 7+ అంటే ఏడేళ్ళలోపు పిల్లల విషయం తల్లిదండ్రులే చూసుకోవాలని. అంటే నువ్వు అడిగిన ప్రశ్ననే తిరిగి నీ చేతిలో పెట్టారన్నమాట. బ్రిటన్‌లో ‘యూ’ అంటే నాలుగేళ్ళు దాటినవాళ్ళు చూడొచ్చని. కానీ ఫలానా పిల్లని ఏది కలవరపెడుతుందో ముందే చెప్పడం అసాధ్యమని సర్టిఫికెట్లిచ్చే అక్కడి బోర్డే ఒప్పుకుంటుంది. అక్కడి ‘పీజీ’, అంటే పెద్దల సలహాతో చూడాల్సినది, ఇంచుమించు ఎనిమిదేళ్ళ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చేది. అమెరికాలో పదమూడేళ్ళలోపు పిల్లల తల్లిదండ్రుల్ని హెచ్చరించే పీజీ-13 పుట్టిందే 1984లో. అంతకుముందు పీజీతో వచ్చిన సాహసాల, మాయల సినిమాల్లో దృశ్యాలు మరీ భయంకరంగా ఉన్నాయని తల్లిదండ్రులు గోల పెట్టాక తెచ్చారు. ఒకే సినిమాకి ఒక్కో దేశంలో ఒక్కో వయసు పడుతుంది. అందుకని సర్టిఫికెట్ మీది అక్షరం కన్నా, పక్కన కారణం ఏదైనా రాసి ఉంటే అది చదువు. కొట్లాటలా, బూతులా, భయపెట్టే దృశ్యాలా అని. మన చిన్నదాని విషయంలో పనికొచ్చేది ఆ చివరిదే.

ఇప్పుడు అసలు సంగతి. అయిదేళ్ళ పిల్ల కథని చూడదు, రూపాన్ని చూస్తుంది. పిల్లలు సినిమాల్లో, టీవీలో దేనికి భయపడతారో జోవాన్ కాంటర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ చాలా ఏళ్ళు పరిశోధించింది. ఒక పరిశోధనలో ఒక ముసలమ్మని కొందరు పిల్లలకి అందంగా, కొందరికి వికారంగా చూపించారు. ఆవిడ ఒకచోట దయగా, ఒకచోట క్రూరంగా ప్రవర్తిస్తుంది. పెద్ద పిల్లలు ఆవిడ చేసిన పనిని బట్టి మంచిదో చెడ్డదో చెప్పారు. చిన్నవాళ్ళ మీద మాత్రం ఆవిడ మొహమే ఎక్కువ పనిచేసింది. మామూలు మనిషి ఆకుపచ్చ భీకరాకారంగా మారే టీవీ సీరియల్ ఒకటుండేది. అతను హీరోనే, మంచివాడే, అయినా చిన్నపిల్లలు ఆ మారే ఘట్టానికే హడలిపోయారు. కాబట్టి ‘ఆ రాక్షసుడు చివరికి మంచివాడేలే’ అన్న మాట పెద్దాడికి పనికొస్తుంది, చిన్నదానికి పనికిరాదు. చివర దాకా వాడి మొహం ఆ మొహమే కదా.

దీన్ని బట్టి నువ్వు ప్రత్యేకంగా వెతకాల్సింది ఈ మారే దృశ్యాల్నే. మనిషి జంతువు కావడం, చక్కటి మొహం కుళ్ళిపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా అమ్మలాంటి మనిషి కళ్ళు ఎర్రబడి వేరే ఎవరో అయిపోవడం. ఫాంటసీ సినిమా తీసేవాళ్ళకి ఇవంటే మహా ఇష్టం, గ్రాఫిక్స్ గొప్పతనమంతా అక్కడే చూపిస్తారు. నోటితో చెప్పే కథలో రాక్షసుడు ఎంత పెద్దవాడో వినే పిల్లే నిర్ణయించుకుంటుంది, తట్టుకోగలిగినంతే ఊహించుకుంటుంది. సినిమాలో ఆ కొలత డైరెక్టర్ చేతిలో ఉంటుంది.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆపద ఎక్కడ జరుగుతోందో చూడు. ఏడు సముద్రాల అవతల, మంచుకోటలో నిప్పులు కక్కే డ్రాగన్‌ని చూసి పిల్ల కెవ్వుమన్నా, ఇంటికొచ్చాక అది అక్కడే ఉండిపోతుంది. అదే చిన్నపిల్ల పడకగదిలో, మంచం కింద, బట్టల బీరువాలో, బాత్రూం అద్దంలో ఏదైనా కనబడిందనుకో, అది సినిమాతో పాటు అయిపోదు. మనింట్లోనూ మంచం ఉంది, బీరువా ఉంది. ఈ రెండో రకం ఒక్క సీను ఉన్నా, మిగతా సినిమా ఎంత ముద్దుగా ఉన్నా, అయిదేళ్ళ పిల్లకి వద్దనే అంటాను.

పెద్దాడి భయాలు వేరు. వాడికి డ్రాగన్ సరదా. కానీ నాన్నని సైనికులు పట్టుకుపోవడం, ఊరు తగలబడటం, చేయని తప్పుకి శిక్ష పడటం లాంటివి వాడి మనసులో నిలుస్తాయి. నిజంగా జరగగలవని వాడికి తెలుసు కాబట్టి.

చావుల గురించి కూడా చెప్పాలి. పిల్లల సినిమాయే కదా, అందులో ఏముంటుంది అనుకుంటాం. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. పిల్లల కోసం తీసిన 45 యానిమేషన్ సినిమాల్ని పెద్దవాళ్ళ సినిమాలు 90తో పోల్చి చూస్తే, తెర మీద ముఖ్యపాత్ర చనిపోయే ప్రమాదం పిల్లల సినిమాల్లోనే రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. తల్లిదండ్రుల పాత్రలైతే ఇంకా ఘోరం. అలాగని చావున్న ప్రతి సినిమానీ పక్కన పెట్టమనను, అలా అయితే చూడటానికి ఏమీ మిగలదు. సినిమాలో అమ్మ పోయాక అందులోని పాపని ఎవరు ఎత్తుకున్నారు, ఎంతసేపటికి ఎత్తుకున్నారు అన్నది చూడు. వెంటనే ఒక తోడు దొరికితే చిన్నపిల్ల తట్టుకుంటుంది. గంటసేపు ఒంటరిగా ఏడుస్తూ తిరిగితే మాత్రం కష్టం. ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయినా, నువ్వు కొన్నాళ్ళు దూరంగా ఉండాల్సి వచ్చినా ఇలాంటి సినిమా కొన్ని నెలలు వాయిదా వెయ్యి.

ట్రైలర్‌ని నమ్మకు. నవ్వించే ముక్కలన్నీ ఏరి చూపించేవి కొన్ని, ఉన్న భయమంతా రెండు నిమిషాల్లో కుక్కేసేవి కొన్ని. వీలైతే నువ్వో అల్లుడుగారో ముందు ఒక్కరే చూడండి. వీలు కాకపోతే అదే వయసు పిల్లని తీసుకెళ్ళినవాళ్ళని అడుగు. ‘సినిమా ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది, పిల్లలు ఎంజాయ్ చేశారు’ అంటారు, అది ఎందుకూ కొరగాదు. ‘మీ పాప ఎక్కడ మీ ఒళ్ళోకి ఎక్కింది? ఆ రాత్రి ఎక్కడ పడుకుంది?’ అని అడుగు.

థియేటరా, ఇల్లా అన్నది చిన్న తేడా కాదు. భయం సగం చెవుల్లోంచి వస్తుంది. రెండు చేతులతో కళ్ళు మూసుకున్న పిల్లకి చెవులు మూసుకోవడానికి ఇంకో రెండు చేతులుండవు. థియేటర్‌లో చీకటి, ఆ సౌండ్, పాజ్ బటన్ లేదు. ఇంట్లో అయితే లైటు వేసి, సౌండ్ తగ్గించి, సరిగ్గా ఆ సీను ముందు ‘నీళ్ళు తాగొద్దాం పద’ అనొచ్చు. నిడివి కూడా ఆలోచించు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజులో కూర్చుని తెర చూసే సమయం గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన చిన్నది ఇంకా ఆ లెక్కలోదే. ఈ సినిమాలేమో రెండు గంటలు దాటతాయి, పైగా అన్నిటికన్నా భీకరమైన యుద్ధం చివర్లో పెడతారు, అప్పటికి పిల్ల అలసిపోయి నిద్రకి తూగుతుంటుంది. ఇంట్లో రెండు రోజులుగా చూపించు. మొదటిరోజు సస్పెన్స్ దగ్గర ఆపకు, నవ్వుకునే సీను అయ్యాక ఆపు.

మాయలు చేసేటప్పుడు టపటపా కొట్టుకునే వెలుగుల విషయంలోనూ కాస్త జాగ్రత్త. 1997లో జపాన్‌లో ఒక కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మెరిసేసరికి 600 మందికి పైగా పిల్లల్ని ఆస్పత్రులకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే డాక్టర్‌ని అడగకుండా వెళ్ళొద్దు.

చూపించాలనే నిర్ణయించుకుంటే కథ ముందే చెప్పెయ్యి, ముగింపుతో సహా. సస్పెన్స్ పోతుందన్న బాధ మనది. అదే కథని వందసార్లు చెప్పించుకునే వయసు వాళ్ళది. ‘మంత్రగత్తె పాపని కోటలో పెడుతుంది, తర్వాత అక్క వచ్చి తీసుకెళ్ళిపోతుంది’ అని చెప్పి ఆమె మొహం చూడు. ‘తర్వాత?’ అంటే సరే. మాట మార్చేసి బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయిందంటే, అది కూడా జవాబే. మేకప్ వేసి రాక్షసుణ్ణి తయారుచేసే వీడియో దొరికితే అదీ చూపించు, కొంతమంది పిల్లలకి బాగా పనిచేస్తుంది.

సినిమా మధ్యలో భయపడితే ‘అదంతా ఉత్తిదేరా’ అని చెప్పి ఊరుకోకు. ఏడెనిమిదేళ్ళ వయసు వచ్చాక ఆ మాట సాయపడుతుంది, అంతకన్నా చిన్నవాళ్ళకి పెద్దగా సాయపడదని ఆ కాంటర్ పరిశోధనల్లోనే తేలింది. ఉత్తిదని నోటితో తనే చెబుతుంది, చెబుతూనే వణుకుతుంది. ఒళ్ళోకి తీసుకో, చెయ్యి పట్టుకో, బయటికి తీసుకురా. అందుకే థియేటర్‌లో నడవ పక్క సీట్లే తీసుకోండి. టికెట్ డబ్బులు దండగైపోయాయని పిల్ల ముందు అనకండి, ఇంకోసారి భయమేసినా చెప్పదు. ఇంకో మాట, కిలకిలా అరిచే పిల్ల గురించి బెంగ అక్కర్లేదు. బిగుసుకుపోయి, రెప్ప వేయకుండా చూస్తున్న పిల్లని గమనించు. ‘ఎంత శ్రద్ధగా చూస్తోందో’ అని మనం మురిసిపోతాం, లోపల ఆమె వేరే అవస్థలో ఉంటుంది.

ఇంటికొచ్చాక ‘భయమేసిందా, భయమేసిందా’ అని పదేపదే అడగొద్దు. కాగితం, రంగులు ఇవ్వు. మర్నాడు తనే మంత్రగత్తె అయి మిమ్మల్నందర్నీ కప్పలుగా మార్చేసిందంటే సినిమా అరిగినట్టే. వారాలు గడిచినా నిద్రపోకుండా సతాయిస్తుంటే అప్పుడు డాక్టర్‌తో మాట్లాడు. పెద్దాడికి కూడా గట్టిగా చెప్పు, రాత్రి లైటు తీశాక ఆ మంత్రగత్తె గొంతు అనుకరించొద్దని. వాడు అనుకరిస్తాడు, నాకు తెలుసు.

ఈ ఆదివారానికైతే అల్లుడుగారిని పెద్దాణ్ణి తీసుకుని వెళ్ళిరమ్మను. చిన్నదానితో ‘నువ్వు చిన్నపిల్లవి, భయపడతావు’ అనకండి, వెంటనే ‘నాకేం భయం లేదు’ అని పంతం పడుతుంది. ‘నాన్న ముందు చూసొచ్చి మనకి కథ చెప్తారు’ అను, ఆ పూట తనకి నచ్చింది ఏదైనా నువ్వు ఆడించు. అల్లుడుగారు తిరిగొచ్చాక మంత్రగత్తె మొహం మారుతుందా, ఎక్కడ మారుతుంది, పడకగది సీను ఏదైనా ఉందా, పాప ఒంటరిగా ఎంతసేపుంటుంది, చివరి యుద్ధం ఎంతసేపు సాగుతుంది అని అడిగి రాసుకుని నాకు ఫోన్ చెయ్యి. ఇంట్లో చూడటానికి వచ్చేలోపు చిన్నదాని సంగతి ఇద్దరం కలిసి తేలుద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ